నీళ్లు లేని ఊరికి చేతులు కడిగే ప్రశ్న

మీరు ఏం ఉద్యోగం చేసేవారని ఎవరైనా అడిగితే, ప్రశ్నలు అడిగే ఉద్యోగం అంటాను. పోలీసా అంటారు. కాదంటాను. టీచరా అంటారు. అదీ కాదు, ప్రశ్న సరిగా ఉందో లేదో ఇంకో ప్రశ్న వేసి కనుక్కునే ఉద్యోగం అని చెప్తే, పాపం అన్నట్టు చూసి మాట మారుస్తారు.

నేను క్లినికల్ సైకాలజిస్టును. సొంతూరు మార్కాపురం. ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో పనిచేసి రిటైరైనాను. ఈ మధ్య ఇదే వృత్తిలోకి వస్తున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి, మేడమ్, మీ అనుభవాలు రాసి పెట్టండి అన్నారు. ప్రమోషన్లూ బదిలీలూ రాద్దామని కూర్చుంటే నాకే నిద్రొచ్చింది. అందుకని, నేను ఎక్కువగా నవ్విన పని ఒకటి ఉంది, దాని గురించే రాస్తున్నాను. అంత నవ్వు ఇంకే పనిలోనూ నవ్వలేదు. ఓసీడీని కొలిచే ప్రశ్నావళి పడమటి ప్రకాశం జిల్లా మనుషుల దగ్గర పనిచేస్తుందా లేదా అని తేల్చిన పని అది.

ఓసీడీ అంటే చాదస్తం అనుకుంటారు చాలామంది. కాదు. వద్దన్నా ఒక తలపు మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్ని తట్టుకోలేక మనిషి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తాడు. చేతులు కడగడం, గడియ చూడటం, లెక్కపెట్టడం. ఆ పనికి అర్థం లేదని అతనికే తెలుసు. తెలిసీ ఆపలేకపోవడమే జబ్బు. జబ్బు ఎంత ఉందో కొలవడానికి మా దగ్గర థర్మామీటరు లేదు, ప్రశ్నలే ఉన్నాయి. ఆ ప్రశ్నలు జబ్బునే కొలుస్తున్నాయా, ఇంకేదైనా కొలుస్తున్నాయా అని చూడటాన్ని వాలిడేషన్ అంటారు. మీకు పాఠాల్లో దీన్ని పెద్ద గణితంలాగా చెప్తారు. గణితం చివర్లో వస్తుంది. ముందు వచ్చేది తిట్లు.

వాంఛల గొడవ

మా విభాగానికి పెద్ద ఇస్మాయిల్ సారు. సైకియాట్రిస్టు. పొడుగు మనిషి, గొంతు ఇంకా పొడుగు. పేషెంటు ఎంత నిదానంగా చెప్పినా గడియారం చూసేవాడు కాదు. నాతోపాటు సుగుణ అని సోషల్ వర్కరు ఉండేది. మార్కాపురంలో, గిద్దలూరులో మేం ముగ్గురం నెలనెలా శిబిరం పెట్టి పేషెంట్లను చూసేవాళ్లం. ఈ పేర్లన్నీ మార్చినవే, మనుషులు మాత్రం మార్చలేదు.

ప్రశ్నావళి నగరం నుంచి వచ్చింది. ఇంగ్లీషులోంచి తెలుగులోకి ఒకరు మార్చినారు, ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి ఇంకొకరు మార్చినారు, రెండు ఇంగ్లీషులూ అచ్చు గుద్దినట్టు కలిసినాయి. ఇక అంతా బాగుందని ముద్ర వేసి మాకు పంపినారు. మీరు జనం దగ్గర పూర్తి చేయించి పంపండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు.

మొదటి ప్రశ్న ఇది: అవాంఛిత ఆలోచనలు మీ మనస్సులోకి చొరబడుతున్నాయా?

మార్కాపురంలో మొదట అడిగింది ఒక పెద్దామెను. ఇంటినిండా మనవళ్లున్న మనిషి. ప్రశ్న చదవగానే ఆమె ముఖం ఎర్రబడింది. ఈ వయసులో నాకు వాంఛలేంది, మొగుడు పోయి ఎంత కాలమైంది, అడిగేదానికి నీకన్నా సిగ్గుండొద్దా అని లేచింది. అది వాంఛ కాదవ్వా, అవాంఛితం అని సుగుణ వెంటబడి చెప్పబోతే, మళ్లా అదే మాట అంటాండావే అని ఇంకా గట్టిగా అరిచింది. వరసలో ఉన్నవాళ్లంతా తొంగి చూసినారు. తర్వాత వచ్చిన పెద్దమనిషికి చొరబడటం అనే మాట ఒక్కటే అందింది. చొరబడేదానికి మా ఇంట్లో ఏముందమ్మా, రెండు గంగాళాలు తప్ప అన్నాడు.

పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయనను, వస్తువులు సమరూపంగా లేకపోతే మీకు వేదన కలుగుతుందా అని అడిగినాం. సమరూపం అంటే ఏందని అడిగి, చెప్తే విని, నిజాయితీగా ఆలోచించి, పలక వంకరగా ఉంటే నాకు వేదన కాదమ్మా, మేస్త్రీకి వేదన, నాకు తిట్లు అన్నాడు. ఆ సాయంత్రం సుగుణా నేనూ బస్టాండులో బెంచీ మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వినాం.

కానీ ఇందులో ఒక పాఠం ఉంది. రెండు ఇంగ్లీషులు కలిసినాయంటే, చదువుకున్నవాళ్లు ఇద్దరు ఒకరికొకరు అర్థమైనారని మాత్రమే. అంతకు మించి ఏమీ కాదు.

అందరికీ జబ్బే

కష్టపడి మాటలకు అర్థాలు చెప్తూ ఒక విడత పూర్తి చేసినాం. మార్కులు వేసి చూస్తే మాకు తల తిరిగింది. దాదాపు అందరికీ జబ్బున్నట్టే ఉంది.

చేతులు చాలాసార్లు కడుగుతారా అంటే పలకల పనివాళ్లంతా అవునన్నారు. ఒళ్లంతా బూడిదరంగు దుమ్ము పట్టే పని, కడగక ఏం చేస్తారు. తలుపులు, గడియలు మళ్లీ మళ్లీ చూస్తారా అంటే గిద్దలూరు పక్క గొర్లకాపర్లంతా అవునన్నారు. నల్లమల అంచున దొడ్డి కట్టుకున్నవాళ్లు. చిరుతపులి తిరిగే చోట తడికె ఒకసారి చూసి పడుకునేవాడికే ఏదో జబ్బున్నట్టు. లెక్కపెట్టే అలవాటు ఉందా అంటే వాళ్లు మమ్మల్నే వింతగా చూసినారు. గొర్లను లెక్కపెట్టకపోతే ఏం చేయాల అని.

ఇస్మాయిల్ సారు ఆ కాగితాలన్నీ తిరగేసి, ఒక ఖాళీ ప్రశ్నావళి తీసుకుని తానే నింపినాడు. సుగుణ మార్కులు వేసింది. మేం అప్పటిదాకా చూసిన పేషెంట్లందరికంటే సారుకే ఎక్కువ వచ్చినాయి. సారు కారు తాళం రెండుసార్లు చూసుకుంటాడు, రోజూ ఐదు పూటలా నమాజుకు ముందు వజూ అని చేతులూ కాళ్లూ కడుక్కుంటాడు, పుస్తకాలు వరసలో లేకపోతే ఊరుకోడు. తాగుతున్న టీ పొలమారేదాకా నవ్వినాడు. తర్వాత కళ్లు తుడుచుకుని నావైపు తిరిగి, రాజేశ్వరమ్మా, నన్నన్నా ఆసుపత్రిలో చేర్చండి, ఈ కాగితాన్నన్నా చేర్చండి అన్నాడు.

నా ఉద్యోగంలో నేను చూసిన మంచి బాసు ఆయన. తన మీద తాను నవ్వగలిగిన బాసు కింద పనిచేస్తే తప్పులు త్వరగా బయటపడతాయి. మీకు అలాంటివాడు దొరికితే బదిలీ అడక్కండి.

కాశమ్మ చేతులు

అందరికీ జబ్బున్నట్టు తేలడం నవ్వుకునే సంగతి. జబ్బున్న మనిషికి లేదని తేలడం మాత్రం నవ్వుకునేది కాదు. అది కాశమ్మ వల్ల తెలిసింది.

త్రిపురాంతకం పక్క ఊరు ఆమెది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మొగుడు గాలెయ్య గొర్లు మేపుతాడు. తలనొప్పి, నీరసం అని శిబిరానికి తీసుకొచ్చినాడు. అసలు బాధ అది కాదని అతని మాటల్లోనే బయటపడింది. ఏడాదిగా ఇంట్లో ఏ పనీ ముట్టుకోవడం లేదట. వంట అత్త చేస్తుందట. పాలు మాన్పించిన చంటిపిల్ల ఉంది, దానికి బువ్వ కూడా అత్తే పెడుతుందట. సోమరి అయిందో, ఎవరన్నా ఏదన్నా మందు పెట్టినారో తెలియదు మేడమ్ అన్నాడు గాలెయ్య. కోపంగా కాదు, దిక్కుతోచక.

సుగుణ ప్రశ్నావళి చదివింది. చేతులు ఎక్కువసార్లు కడుగుతావా? లేదు. స్నానానికి చాలాసేపు పడుతుందా? లేదు. గిన్నెలు, బట్టలు మళ్లీ మళ్లీ కడుగుతావా? లేదు. మార్కులు దాదాపు ఏమీ రాలేదు. కాగితం ప్రకారం పడమటి ప్రకాశంలో అప్పటిదాకా మాకు కనబడిన ఒకే ఒక్క ఆరోగ్యవంతురాలు ఆమె. సుగుణ కాగితం పక్కన పెట్టబోయింది.

నేను ఆమె చేతులు చూస్తున్నాను. వచ్చినప్పటి నుంచి రెండు చేతులూ ఒడికి పైన, గాలిలో పెట్టుకుని కూర్చుంది. గోరింటాకు ఆరబెట్టుకునే పిల్లలాగా. కుర్చీకి తగలడం లేదు, తన చీరకు కూడా తగలడం లేదు. కాగితంలో లేని ప్రశ్న ఒకటి నా నోట్లోంచి వచ్చింది.

"కాశమ్మా, మీ ఊళ్లో నీళ్లు కావలసినన్ని ఉంటే ఏం చేస్తావు?"

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. అప్పటిదాకా నేల చూపులు చూసిన మనిషి.

"పొద్దు పొడిచినకాడ నుంచి పొద్దు గూకేదాకా కడుగుతానే ఉంటా" అంది.

వాళ్ల ఊళ్లో బోర్లెండిపోయినాయి. ఉన్న నీళ్లు ఫ్లోరైడు నీళ్లు. ట్యాంకరు వచ్చినరోజు బిందెలు నింపుకోవడం, రానిరోజు చూసుకుని వాడుకోవడం. అలాంటి చోట చేతులు గంటలకొద్దీ కడిగే జబ్బు వస్తే మనిషి ఏం చేస్తుంది? కాశమ్మే చెప్పింది. గొంతు పెంచకుండా, ఎవరికో ఇంటి దారి చెప్తున్నట్టు.

"ముట్టుకుంటే కడగాల. కడగాలంటే నీళ్లు లేవు. అందుకని ముట్టుకోను. పిల్లనైనా అంతే."

నేనూ సుగుణా ఒకరి ముఖాలు ఒకరం చూసుకోలేదు. మా కాగితం నిండా కడగడం గురించే ఉంది. ముట్టుకోకపోవడం గురించి ఒక్క ముక్క లేదు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చే ఊళ్లో రాసిన ప్రశ్నలు అవి.

సారు ఆమెతో చాలాసేపు మాట్లాడి, ఇది ఓసీడీ అన్నాడు. మాత్రలు రాసినాడు. వైద్యం చేస్తే తగ్గుతుందని మొగుడికీ ఆమెకూ చెప్పినాం. గాలెయ్య తల ఊపినాడు. కాశమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. జబ్బంటే జ్వరమో నొప్పో గానీ, తన మనసు వంకరతనానికి మాత్ర ఏందని ఆమె అనుమానం. మాత్రల కవరు ఆమె ముట్టుకోలేదు, మొగుడే జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి నెల వాళ్లు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

బస్సులో పరీక్ష

ప్రశ్నలను మేమే మళ్లీ రాస్తామని సారు నగరానికి కబురు పెట్టినాడు. అక్కడి కమిటీలో ఒక పెద్ద మేడమ్, అట్లాంటి మాటలు రాస్తే శాస్త్రీయత పోతుంది, అది మాండలికం అనింది. జబ్బు కూడా మాండలికంలోనే వస్తుంది మేడమ్ అని సారు ఫోనులో అన్నాడు. ఆమె మంచిదే. కొంతసేపు ఊరుకుని, సరే, రాసి చూపించండి అనింది. ఆలస్యంగా ఒప్పుకునేవాళ్లను మొండివాళ్ల కింద జమకట్టకండి, వాళ్లకు కాస్త టైము పడుతుంది అంతే.

ఆ నెలలు నాకు పండగ. సారు ఒక నియమం పెట్టినాడు. ఏ ప్రశ్న అయినా బయట గట్టిగా చదవాల, విన్నవాళ్లు ఏందీ అని ఎదురడిగితే దాన్ని కొట్టెయ్యాల. మేం టీ కొట్ల దగ్గర చదివినాం, కురిచేడు ప్లాట్‌ఫారం మీద చదివినాం. ఒకరోజు గిద్దలూరు బస్సులో, వద్దనుకున్నా పాడు తలపులు మళ్లీ మళ్లీ వస్తాయా అని సుగుణ నాకు చదివి వినిపించింది. ఇంజను చప్పుడుకు గొంతు పెంచక తప్పలేదు. ముందు సీట్లో నిమ్మకాయల బుట్ట పెట్టుకుని కూర్చున్నామె వెనక్కి తిరిగి, నాకొస్తాయమ్మా, మా ఆడబిడ్డ కనపడినప్పుడల్లా వస్తాయి అంది.

బస్సంతా నవ్వినారు. నేను నవ్వుతూనే అడిగినాను, ఆ తలపు వచ్చినందుకు నీకు బాధవుతుందా, తప్పనిపిస్తుందా అని.

"తప్పేంది? అది న్యాయమైన తలపే" అంది ఆమె.

సుగుణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాకు కావలసింది అదే. ఆడబిడ్డ మీద కోపం న్యాయమనిపిస్తే అది సంసారం. తప్పని తనకే తెలిసీ, వద్దని తోసేసినా తలపు పోకపోతే అది జబ్బు. బస్సు దిగేలోపు రెండో ప్రశ్న తయారైంది: ఆ తలపు సరైంది కాదని మీకే తెలిసినా ఆపలేకపోతున్నారా? నిమ్మకాయలామె దిగేటప్పుడు, ఏం పరీక్షలో ఏమో, పాసైనానా అని అడిగింది. పాసైనావు పెద్దమ్మా, నీకేం లేదు అన్నాను. అదే మా ఆడబిడ్డకు చెప్పండి అనుకుంటూ పోయింది.

కడగడం పక్కన ముట్టుకోకపోవడం చేరింది. తడికె చూడటం పక్కన, పులి భయం లేని చోట కూడా చూస్తారా అని చేరింది. కొన్నాళ్లు ఆగి అవే మనుషులను అవే ప్రశ్నలు మళ్లీ అడిగినాం, జవాబు నిలకడగా ఉందో లేదో చూడాలి కాబట్టి. పామూరు నుంచి వచ్చే ఒకాయన రెండోసారి అన్నీ తిరగేసి చెప్పినాడు. ఏం నాయనా, మారిపోయినావా అంటే, లేదమ్మా, మళ్లీ అడిగినారంటే పోయినసారి చెప్పింది తప్పేమోనని మార్చినా అన్నాడు. అప్పటి నుంచి, ఇందులో తప్పొప్పులు లేవని ముందే చెప్పడం మొదలుపెట్టినాం. మీరూ చెప్పండి. బడిలో దెబ్బలు తిన్నవాళ్లు ఏ ప్రశ్న విన్నా పరీక్షే అనుకుంటారు.

ఎవురు చెప్పినారు

కొత్త ప్రశ్నలు పట్టుకుని ఊళ్లు తిరుగుతూ త్రిపురాంతకం పక్కకు పోయినప్పుడు, కాశమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయినాం. వాకిట్లో చంటిపిల్ల మట్టిలో ఆడుకుంటోంది. కాశమ్మ గడప లోపల, చేతులు గాలిలోనే పెట్టుకుని, పిల్ల మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. పిల్ల తల్లి వైపు రాబోయి, సగం దూరంలో ఆగి, తనంతట తానే వెనక్కి మళ్లింది. రావద్దని అంత చిన్నదానికి తెలిసిపోయింది. మాకు వాకిట్లో నిలబడటం కష్టమైంది.

అత్త మంచం వాల్చింది. నేను వరసగా చదివినాను. కాశమ్మ అవును, కాదు అని చెప్తూ పోయింది. ఆ ప్రశ్న వచ్చింది: ముట్టుకుంటే కడగాల్సి వస్తుందని, ముట్టుకోవాలని ఆశ ఉన్నవాటిని కూడా ముట్టుకోకుండా ఉంటున్నారా?

కాశమ్మ చూపు పిల్ల మీద నుంచి కాగితం మీదికి మళ్లింది. "ఇది ఎవురు చెప్పినారు మీకు?" అంది.

నువ్వే చెప్పినావు, కానీ నువ్వొక్కదానివే కాదు అన్నాను. లెక్కపెట్టడం, గడియ చూడటం లాంటి వేరే పనులతో ఇట్లనే తిప్పలు పడేవాళ్లు కురిచేడులో ఉన్నారని, గిద్దలూరులో ఉన్నారని, నీళ్లు దండిగా ఉండే ఊళ్లల్లో కూడా ఉన్నారని, అందుకే ఇది అచ్చు వేసుకుని తిరుగుతున్నామని చెప్పినాను.

"అచ్చు వేసినారా?"

కాగితం తిప్పి చూపించినాను. ఆమె మెడ చాపి, ముట్టుకోకుండానే, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని ఆ ప్రశ్న చదివింది. చదివి నవ్వడం మొదలుపెట్టింది. ముందు ముక్కుతో, తర్వాత గొంతుతో. ఏడుస్తోందేమోనని అత్త పరుగెత్తుకొచ్చింది. "అత్తా, ఇది జబ్బంటనే, ఊరూరా ఉందంట" అని చెప్పి మళ్లీ నవ్వింది. ఏడాదికి పైగా లోకంలో ఇట్లాంటి పాపిష్టిది తానొక్కతే అనుకుని బతికిన మనిషి. మాకూ నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండా అత్త కూడా నవ్వింది. పిల్ల మట్టి చేతులతో చప్పట్లు కొట్టింది.

ప్రశ్న కొలవడానికేనని నేను చదువుకున్నాను. ఒక ప్రశ్న అచ్చులో ఉందంటేనే, ఈ జబ్బు నాకంటే ముందు ఇంకెవరికో వచ్చిందని చదివినవాళ్లకు అర్థమని ఆరోజు తెలిసింది. ఆ వారమే గాలెయ్య ఆమెను తీసుకుని శిబిరానికి వచ్చినాడు. మాత్రలు తానే అందుకుంది, కొంగు అడ్డం పెట్టుకుని.

మిరపకాయ బజ్జీలు

ఇక ఆఖరి పరీక్ష మిగిలింది. ఇస్మాయిల్ సారు మా మార్కులు చూడకుండా ఒక్కొక్కరితో మాట్లాడి, జబ్బుందో లేదో రాసి కవర్లో పెట్టినాడు. సారు ఏం రాసినాడో తెలియకుండా మేం మార్కులు వేసినాం. రెండూ పక్కపక్కన పెట్టి చూసేరోజు సుగుణ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అవి కలవకపోతే మా పనంతా పోయినట్టే.

ఒక్కొక్కటే తెరిచినాం. పలకలాయన, జబ్బు లేదు, మార్కులు తక్కువ. తడికె చూసే కాపరి, లేదు, తక్కువ. కాశమ్మ, ఉంది, బాగా ఎక్కువ. అక్కడక్కడా ఒకటి తేడా వచ్చింది, రాకపోతే నేనే అనుమానపడేదాన్ని. మిగతావన్నీ కలుస్తూ పోయినాయి. చివరి కవరు అయినాక సారు లేచి, రెండు చేతులూ పైకెత్తి, ఆ పొడుగు ఒళ్లు అటూ ఇటూ ఊపినాడు. అది నాట్యమని మాకు తర్వాత అర్థమైంది. కాంపౌండరును పంపి మిరపకాయ బజ్జీలు తెప్పించినాడు. సారు కొత్త ప్రశ్నావళి కూడా నింపినాడు. ఈసారి పాసైనాడు. నగరంలో పెద్ద మేడమ్ లెక్కలన్నీ చూసి, మాకు బస్సులో దొరికిన రెండో ప్రశ్న గురించి, అది ఎవరు రాసినారు అని అడిగింది. సుగుణ ఫోను అందుకుని, నిమ్మకాయలామె అని నిజం చెప్పేసింది.

కాశమ్మకు వైద్యం తేలిక కాలేదు. మాత్రలతోపాటు, ముట్టుకుని కడగకుండా ఉండటం అలవాటు చేయాల. మొదట కుర్చీ చెయ్యి, తర్వాత తలుపు, తర్వాత పిల్ల గాజు. ఒక్కొక్కదానికి ఆమె వణికేది, చెమటలు పట్టేవి. కొన్నిసార్లు నన్ను తిట్టేది. మధ్యలో ఒకసారి మానేసి, మళ్లీ తానే వచ్చింది. గాలెయ్య గొర్లను తమ్ముడికి అప్పగించి ప్రతిసారీ వెంట వచ్చినాడు. అతని గురించి కూడా ఇక్కడ రాయాలి.

వైద్యానికి తగ్గట్టు మార్కులు తగ్గుతాయో లేదో చూడటం కూడా మా పనే. అందుకని ఒకరోజు మార్కాపురం శిబిరంలో ఆమెను మళ్లీ కూర్చోబెట్టినాను. పిల్ల బెల్లం అచ్చు చీకుతూ ఆమె ఒళ్లోనే ఉంది. మూతి, చేతులు, తల్లి చీర, అంతా జిగురు. నేను వరసగా చదువుతూ ఆ ప్రశ్నకు వచ్చినాను. ముట్టుకోవాలని ఆశ ఉన్నవాటిని కూడా ముట్టుకోకుండా ఉంటున్నారా?

కాశమ్మ కొంగుతో పిల్ల ముక్కు తుడుస్తోంది. పిల్ల తల తిప్పేస్తోంది. గడ్డం పట్టుకుని, ఇంకోసారి తుడిచి, అప్పుడు నావైపు తిరిగింది.

"ఏందక్కా అడిగినారు? దీనితో పడి ఇనలేదు."

సుగుణ గోడవైపు తిరిగి నిలబడింది, భుజాలు కదులుతున్నాయి. నియమం ప్రకారం ప్రశ్న ఇంకోసారి చదవాలి. చదివినాను.

"అప్పుడప్పుడు ఉంటాది" అంది కాశమ్మ, బెల్లం జిగురు వేళ్లతో నా చేతిలో కాగితం సర్ది పట్టుకుంటూ. "పూర్తిగా పోయిందని రాయొద్దు. తగ్గిందని రాయి."